పిలిచినా పలకని పేరు

సివిల్ ప్రొసీజర్ కోడ్ మొదటి సెక్షన్‌లోనే లంబసింగి ఉంది. పేరు పెట్టి లేదు. 1908 నాటి ఆ కోడ్ ఎక్కడెక్కడ వర్తిస్తుందో చెబుతూ, నాలుగో ఉపసెక్షన్‌లో అమిన్‌దీవి దీవుల్నీ, లక్షద్వీప్‌నీ, వాటితోపాటే తూర్పుగోదావరి, పశ్చిమగోదావరి, విశాఖపట్నం ఏజెన్సీలనీ ఒక వాక్యంలో చేర్చి ఒక మాట అంటుంది: అక్కడ కోడ్ అమలు గురించి వేరే నిబంధనలేవైనా ఉంటే వాటికి ఈ కోడ్ అడ్డం రాదు. అరేబియా సముద్రంలో దీవులు, తూర్పు కనుమల్లో గూడేలు. మైదానపు చట్టానికి రెండూ ఒక్కలాగే దూరం.

ఆ దూరం 1908లో పుట్టింది కాదు. 1839లో ఈస్టిండియా కంపెనీ ఒక చట్టం చేసి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలని మామూలు కోర్టుల పరిధినుంచి తప్పించి, కలెక్టరుని గవర్నరు ఏజెంటుగా చేసి ఆయన చేతిలో పెట్టింది. 'ఏజెన్సీ' అన్న మాట అక్కడినుంచి వచ్చిందే. 1874లో షెడ్యూల్డు జిల్లాల చట్టం వచ్చింది. దాని కింద 1924లో ఏజెన్సీ నిబంధనలు రాశారు. సివిల్ తగాదాలు వినడానికి కింద ఏజెన్సీ మున్సిఫ్, ఆ పైన డివిజనల్ అధికారి, అందరిపైనా ఏజెంటు హోదాలో కలెక్టరు. అంటే పన్ను వసూలు చేసే చెయ్యే తీర్పూ రాస్తుంది.

1924 అన్న సంవత్సరం దగ్గర మనం కాస్త ఆగాలి. ఆ ఏడాది మే నెలలోనే అల్లూరి సీతారామరాజుని కాల్చి చంపారు. 1922 ఆగస్టు 22న ఆయన దళం చింతపల్లి పోలీసుస్టేషన్ మీద పడింది. ఆ కోపం వెనక ఉన్న కారణాల్లో నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వేసిన రోడ్డు ఒకటి. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ ఆ రోడ్డు పనికి కొండవాళ్ళని తోలి, సరిగ్గా కూలి కూడా ఇవ్వలేదు. ఈ రోజు చలికాలం శని, ఆదివారాల్లో మంచు చూడ్డానికి కార్లు బారులు తీరే దారి అదే. కోర్టు కాగితం కొండెక్కడానికీ, అమ్మాయి కొండ దిగడానికీ ఉన్న దారీ అదే.

ఇంత పాత చరిత్ర విడాకుల గురించి రాస్తూ ఎందుకు తవ్వుతున్నానంటే, ఏకపక్ష తీర్పు, అదే మనందరం అలవాటుగా ఎక్స్‌పార్టీ డిక్రీ అనేది, ఒక ఊహమీద నిలబడి ఉంటుంది. కోర్టు పిలిస్తే మనిషికి వినబడుతుంది, వినబడితే వస్తుంది, రాలేదంటే రావడం ఇష్టం లేదు అన్నది ఆ ఊహ. న్యాయమూర్తి పక్కన గుమస్తా కట్ట విప్పుతాడు. బంట్రోతు గుమ్మం దగ్గర నిలబడి పేరు మూడుసార్లు పిలుస్తాడు. ఎవరూ పలకరు. 'పిలవగా హాజరు కాలేదు' అని డాకెట్టు మీద రాస్తారు. అంతే. ఆ పేరుగల ఆడమనిషి ఆ క్షణాన కాఫీ తోటలో పళ్ళు కోస్తూ ఉండొచ్చు.

వినిపించుకునే అవకాశం ఇవ్వకుండా ఎవరికీ వ్యతిరేకంగా తీర్పు చెప్పకూడదన్నది సహజన్యాయంలో మొదటి సూత్రం. రాజ్యాంగంలోని 21వ అధికరణం మాటలు ఎలా ఉన్నా, 1978లో మేనకాగాంధీ కేసు తర్వాత ప్రొసీజరంటే న్యాయంగా ఉండే ప్రొసీజరే అని మన కోర్టులు ఒప్పుకున్నాయి. బాగానే ఉంది. కానీ ఈ పెద్ద సూత్రం ఒక పల్లెలో గుమ్మం దగ్గరికి చేరేసరికి ఒక చిన్న మనిషి చేతిలో పడుతుంది. ఆయన కోర్టు అమీనా. సమన్లు ఎవరికిచ్చాడు, ఎవరు సంతకం పెట్టారు, ఎవరు వద్దన్నారు అన్నదంతా ఆయన వెనక్కి తెచ్చే కాగితం మీద రాసిన రెండు మూడు వాక్యాలు.

కోడ్‌లో అయిదో ఆర్డరు సమన్ల గురించి. దాన్ని ఆడవాళ్ళ వైపునుంచి ఒకసారి చదవండి. మొదట రాసిన పదిహేనో రూలు ప్రకారం ప్రతివాది ఇంట్లో లేకపోతే సమన్లు ఆ ఇంట్లోని వయసొచ్చిన మగవాడికి ఇవ్వొచ్చు. ఆడవాళ్ళకి ఇస్తే చెల్లదు. తల్లి ఉన్నా, అక్క ఉన్నా, చదువుకున్న కూతురున్నా ఇంట్లో ఎవరూ లేనట్టే లెక్క. ఆడ అయినా మగ అయినా సరే అన్న మాట 1976 సవరణతో చేరి, 1977 ఫిబ్రవరి 1 నుంచి అమలైంది. అంటే హిందూ వివాహ చట్టం వచ్చిన తర్వాత కూడా ఇరవై ఏళ్ళకి పైగా, ఒక స్త్రీ పెళ్ళి రద్దవబోతోందన్న కబురు ఆమె తల్లికి చెప్పడాన్ని చట్టం కబురు చెప్పినట్టుగా ఒప్పుకోలేదు. తండ్రికో అన్నకో చెప్పాలి. మామగారింట్లో ఉంటే, ఊహించుకోండి, మామగారికి.

ఇక పదిహేడో రూలు. మనిషి తీసుకోనంటే, లేదా ఎంత వెతికినా దొరక్కపోతే, కాగితం తలుపుకో, బయటికి కనిపించే మరో చోటో అంటించి రావాలి. ఇరవయ్యో రూలు: మామూలుగా అందించడం కుదరదని కోర్టుకి నమ్మకం కలిగితే కోర్టు నోటీసు బోర్డుమీదా, ఆమె చివరగా ఉన్న ఇంటిమీదా అంటించమనొచ్చు. 1976లో దీనికి పత్రికా ప్రకటన తోడైంది. ఆమె చివరగా ఉన్నట్టు తెలిసిన ప్రాంతంలో తిరిగే దినపత్రికలో వెయ్యాలి. 'చివరగా ఉన్నట్టు తెలిసిన' చిరునామా చెప్పేదెవరు? పిటిషన్ వేసినవాడే. పుట్టింటికి వెళ్ళిపోయిన భార్యకి అత్తింటి చిరునామా రాస్తే కాగితం తన ఇంటి తలుపుకే అంటుకుంటుంది, పొద్దున లేచి తనే చింపుకోవచ్చు. కోర్టుల చుట్టూ తిరిగే ఆడవాళ్ళని అడిగితే ఇది కొత్త కథేం కాదంటారు.

ఇక్కడ ఒక పక్క మాట. అదే కోడ్‌లో ఇరవయ్యొకటో ఆర్డరు అప్పుల వసూళ్ళ గురించి. బాకీ కింద భూమి జప్తు చేస్తే ఆ సంగతి ఆ భూమి దగ్గరో పక్కనో డప్పు కొట్టించిగానీ, ఆ ఊరి ఆచారం ప్రకారం మరో రకంగాగానీ చాటించాలని యాభైనాలుగో రూలు. అరెకరం చెక్క పోతుంటే చట్టం డప్పు కొట్టిస్తుంది. పెళ్ళి పోతుంటే కాగితం అంటిస్తుంది. డప్పు చప్పుడు లంబసింగిలో కొండ ఇవతలనుంచి అవతలికి వినబడుతుంది. కాగితం చదవాలంటే చదువు రావాలి. ఆ కాగితంతో ఉండే పిటిషన్ నకలు చదవాలంటే చాలాసార్లు ఇంగ్లీషు చదువు రావాలి. ఇంట్లో కువి మాట్లాడి, సంతలో తెలుగు మాట్లాడే మనిషి సంగతి చెప్పనక్కర్లేదు.

అయితే హిందూ వివాహ చట్టం రాసినవాళ్ళు ఈ ప్రమాదాన్ని అసలు ఊహించలేదనడం అన్యాయం. 1955 నాటికి మద్రాసు రాష్ట్రంలో విడాకులు కొత్త కాదు. 1949లోనే ద్విభార్యాత్వాన్ని నిషేధించి విడాకులకి దారి చూపిన చట్టం అక్కడ వచ్చింది, అప్పటికి మన కోస్తా జిల్లాలు దాని కిందే ఉన్నాయి. 1951లో హిందూ కోడ్ బిల్లు కుంటుపడినందుకు అంబేద్కర్ మంత్రి పదవి వదిలేసి వెళ్ళిపోయాక, ముక్కలు ముక్కలుగా వచ్చిన చట్టాల్లో ఇదొకటి. దీని 23వ సెక్షన్ మొదట్లోనే ఒక మాట ఉంది: అవతలివాళ్ళు వాదించినా వాదించకపోయినా, కారణాలు నిజంగా ఉన్నాయనీ, పిటిషనరు తన తప్పునే ఆసరా చేసుకోవడం లేదనీ కోర్టుకి నమ్మకం కలిగితేనే డిక్రీ ఇవ్వాలి. అప్పు దావాలో ప్రతివాది రాకపోతే బాకీ ఒప్పుకున్నట్టుగా తీసుకోవచ్చేమోగానీ పెళ్ళి విషయంలో అలా కుదరదని దీని అర్థం. మౌనం ఒప్పుకోలు కాదు.

ఆచరణలో ఈ మాట ఎంత పలచబడిందో న్యాయవాదులైన స్నేహితులకి తెలుసు. 2002 సవరణల తర్వాత సాక్షి బోనెక్కి నోటితో చెప్పాల్సిన మొదటి వాఙ్మూలం బదులు అఫిడవిట్ దాఖలు చేస్తే చాలు. ఎదురు ప్రశ్న అడగడానికి ఎవరూ లేరు. 'ఆమె నన్ను క్రూరంగా చూసింది, కారణం లేకుండా వెళ్ళిపోయింది' అన్న నాలుగు పేజీలు, ఒక పెళ్ళి ఫోటో, ఒక లాయరు నోటీసు. 'వాదించినా వాదించకపోయినా' అన్న హామీ జడ్జిగారి ఓపికమీద ఆధారపడిపోయింది. రోజుకి డెబ్భై ఎనభై కట్టలు ముందుంటే ఎవరి ఓపికైనా ఎంతని?

డిక్రీ అయిపోయాక తెలిస్తే దారి ఉంది. తొమ్మిదో ఆర్డరు పదమూడో రూలు కింద దాన్ని రద్దు చెయ్యమని అదే కోర్టుని అడగొచ్చు. సమన్లు సరిగ్గా అందలేదనో, రాలేకపోవడానికి తగిన కారణం ఉందనో చూపించాలి. ఇక్కడా 1976లో ఒక మెలిక పెట్టారు. సమన్లు అందించడంలో ఏదో చిన్న లోటు ఉందన్న ఒక్క కారణంతో డిక్రీ రద్దుచెయ్యకూడదు, వాయిదా తేదీ ఆమెకి ముందే తెలిసి, వచ్చి జవాబు చెప్పుకునే వ్యవధి ఉందని కోర్టు నమ్మితే. వాయిదాలు లాగుతూ మోసం చేసే బాకీదారుల్ని మనసులో పెట్టుకుని రాసిన మెలిక ఇది. అది భార్యల మెడకీ చుట్టుకుంది.

2011 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఢిల్లీ కేసు దీనికి ఉదాహరణ. 1989లో భర్తకి ఎక్స్‌పార్టీగా విడాకులు వచ్చాయి. రిజిస్టరు పోస్టు తీసుకోలేదన్నారు, ఇంటికి అంటించామన్నారు, స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకటన వేశారు. 1993లో ఆమె రద్దు చెయ్యమని వచ్చింది. కింది కోర్టు కాదంది, హైకోర్టు సరేనంది, సుప్రీంకోర్టు మళ్ళీ కాదంది. ఈలోగా ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. చట్టం దృష్టితో చదివితే ఆ తీర్పుని తప్పుపట్టడం కష్టం, ఆమె ఆలస్యానికి సరైన కారణం చెప్పలేకపోయింది. నన్ను తొలిచేది ఒకటే. ఆలస్యం అవుతున్నకొద్దీ అవతలివైపు మరో స్త్రీ, ఆమె పిల్లలూ వచ్చి నిలబడతారు. ఒక స్త్రీకి జరిగిన అన్యాయం సరిదిద్దాలంటే మరో స్త్రీ కాపురాన్ని కదపాలి. కాలాన్ని ఇలా కవచంగా వాడుకోవడం కేవలం మగవాడి తెలివి కాదు, ప్రొసీజరే అతనికి ఆ తెలివి నేర్పుతుంది. రెండో పెళ్ళి ఎప్పుడు చేసుకోవచ్చో చెప్పే 15వ సెక్షన్ అప్పీలు గడువు గురించే మాట్లాడుతుంది. ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దు పిటిషన్ ఊసు అందులో లేదు. అప్పీలు గడువుని 30 రోజులనుంచి 90కి పెంచింది కూడా 2003లోనే.

దీనికి మరోవైపు 1996లో సుప్రీంకోర్టే చెప్పిన మంచి మాట ఒకటుంది. భర్త చనిపోయాక కూడా భార్య అతని వారసులమీద పిటిషన్ వేసి ఎక్స్‌పార్టీ విడాకుల్ని రద్దు చేయించుకోవచ్చని. మనిషి పోయాక పెళ్ళి ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి అనుకోవద్దు. వితంతువా, విడాకులు తీసుకున్నదా అన్నదాన్నిబట్టే పెన్షనూ ఆస్తీ ఉంటాయి. చాలామందికి తమ పెళ్ళి ఎప్పుడో రద్దయిపోయిందని తెలిసేది భర్త ఆఫీసు గుమ్మంలోనే.

మన తెలుగువాళ్ళ కేసుల్లో ఈ విషయంమీద దేశమంతా ఉదహరించేది తిరుపతిలో మొదలై యాదగిరిగుట్టలో తేలిన కథ. 1975 ఫిబ్రవరిలో తిరుపతిలో పెళ్ళి. 1978లో విడిపోయారు. భర్త మొదట తిరుపతి సబ్‌కోర్టులో పిటిషన్ వేశాడు, తర్వాత అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం కోర్టులో వేశాడు. ఆమె అక్కడికి వెళ్ళలేదు. మీ కోర్టుకి ఈ అధికారం లేదంటూ అభ్యంతరంతో జవాబు మాత్రం పంపింది. 1980 ఫిబ్రవరిలో ఆమె లేకుండానే పెళ్ళి రద్దయింది. 1981 నవంబరులో ఆయన యాదగిరిగుట్టలో మరో పెళ్ళి చేసుకున్నాడు. ఆమె ద్విభార్యాత్వం కేసు పెట్టింది. 1991 జూలైలో సుప్రీంకోర్టు మిస్సోరీ డిక్రీ ఇక్కడ చెల్లదంది. ఆ తీర్పులో విదేశీ డిక్రీల సంగతి అందరూ చెబుతారు. నాకు విలువైనదిగా తోచేది అందులోని మరో మాట: నోటీసు అందిందని చెబితే సరిపోదు, అవతలి మనిషి నిజంగా వచ్చి వాదించుకోగలిగే స్థితి ఉండాలి, దానికయ్యే ప్రయాణం, ఖర్చుల సంగతి కూడా చూడాలి అన్నది. మిస్సోరీకీ తిరుపతికీ మధ్య దూరాన్ని కోర్టు లెక్కలోకి తీసుకుంది. చింతపల్లి మండలంలో రోడ్డు లేని గూడేనికీ జిల్లా కోర్టుకీ మధ్య దూరాన్ని అదే కొలతతో ఎందుకు కొలవకూడదు? ఆ సూత్రం విదేశాలకే అని తీర్పు రాసినవాళ్ళు అనుకుని ఉండొచ్చు. మనం అలా అనుకోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు మెలికలోకి వద్దాం. లంబసింగి చుట్టుపక్కల ఉండే భగత, కొండదొర, కొండకమ్మర, వాల్మీకి, ఖోందు కుటుంబాలకి హిందూ వివాహ చట్టం వర్తించదు. కేంద్రప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డు తెగలకి ఈ చట్టం లేదని రెండో సెక్షన్ రెండో ఉపసెక్షన్ చెబుతుంది. వాళ్ళ పెళ్ళీ విడాకులూ ఆచారం ప్రకారమే. ఈ కొండల్లో ఆచారమంటే మొత్తంమీద పెద్దల ముందు పంచాయితీ, ఓలి తిరిగి ఇవ్వడం, తప్పు కట్టడం, విడిపోయిన ఆడమనిషి మళ్ళీ పెళ్ళి చేసుకోవడానికి అడ్డు లేకపోవడం. ఓలి సొమ్ము చేతులు మారాలి కాబట్టి రెండు కుటుంబాలూ ఎదురెదురుగా కూర్చోక తప్పదు. అక్కడ ఎక్స్‌పార్టీ కుదరదు.

అయితే దీన్నిబట్టి కొండమీద స్వర్గం ఉందని నేననడం లేదు. మనలో కొందరికి ఆదివాసీ ఆచారం అనగానే కళ్ళు మెరుస్తాయి. పంచాయితీలో కూర్చునే పెద్దలు మగవాళ్ళు. ముఠాదారీ 1969 రెగ్యులేషన్‌తో పోయినా పెద్దరికం పోలేదు. ఆమె తరఫున మాట్లాడేది తండ్రో అన్నో. ఓలి ఎంత తిరిగివ్వాలన్న లెక్కలో ఆమె పడిన దెబ్బలకి ఖరీదు కట్టరు. ఆమె అక్కడ ఉంటుంది, నిజమే. ఉండడమూ మాట చెల్లడమూ ఒకటి కాదు.

కానీ ఆదివాసీ భర్త కొండ దిగి ఉద్యోగస్తుడైతే? ఒక మనిషిని అనుకుందాం. అతను టీచరో, ఫారెస్టు గార్డో, బ్యాంకు గుమస్తానో. ప్రభుత్వోద్యోగి అయితే మొదటి భార్య ఉండగా అనుమతి లేకుండా మళ్ళీ పెళ్ళి చేసుకోవడానికి 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు, తెగ ఆచారం ఒప్పుకున్నా సరే. పెద్దల పంచాయితీ కాగితం ఆఫీసులో చెల్లదంటారు. అందుకని మైదానంలో కోర్టుకెళ్ళి హిందూ వివాహ చట్టం కింద పిటిషన్ వేస్తాడు. పిటిషన్‌లో 'హిందువులం' అని రాస్తే అబద్ధం కాదు, గుడికెళ్తారు, పండగలు చేస్తారు. తెగ పేరు రాయకపోతే ఎవరూ అడగరు. 'అయ్యా, ఈ చట్టం మాకు వర్తించదు' అని చెప్పాల్సిన ఒకే ఒక్క మనిషి ఆ రోజు కోర్టులో లేదు.

పరిధి లేని కోర్టు ఇచ్చిన డిక్రీ మొదటినుంచీ శూన్యమేననీ, ఎప్పుడైనా ఎక్కడైనా దాన్ని ప్రశ్నించవచ్చనీ సుప్రీంకోర్టు 1954లోనే చెప్పింది. శూన్యాన్ని శూన్యమని నిరూపించడానికి ఆమె లాయరుని పెట్టుకోవాలి, అదీ కష్టం. పైగా అది శూన్యమేనన్న నమ్మకం కూడా ఇప్పుడు గట్టిగా లేదు. 2021లో ఢిల్లీ హైకోర్టు ముందుకి వచ్చిన మీనా తెగ దంపతుల కేసులో భార్య సరిగ్గా ఈ అభ్యంతరమే లేవదీసింది. ఫ్యామిలీ కోర్టు ఒప్పుకుంది. హైకోర్టు ఒప్పుకోలేదు. హిందూ పద్ధతిలో పెళ్ళి చేసుకుని ఆ ఆచారాలే పాటిస్తున్నవాళ్ళకి హిందూ వివాహ చట్టం వర్తిస్తుందంది. సరే, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అక్కడ ఆ ప్రశ్నని అడిగిన మనిషి ఒకామె ఉంది. ఆమె హాజరైంది. తాము పాటిస్తున్నది ఏ ఆచారమో కోర్టు విచారించాల్సి వచ్చింది. ఎక్స్‌పార్టీలో ఆ విచారణే ఉండదు. ఒక తెగ హిందువుగా మారిందా లేదా అన్న పెద్ద ప్రశ్నని భర్త అఫిడవిట్‌లోని ఒక్క పదం తేల్చేస్తుంది.

ఇదే చట్టం ఆమెకి కావలసినప్పుడు మాత్రం దొరకదు. 2001లో సుప్రీంకోర్టు ముందుకి వచ్చిన ఒక ఆదివాసీ భార్య, భర్త రెండో పెళ్ళి నేరమని ఫిర్యాదు చేసింది. మీకు హిందూ వివాహ చట్టం లేదు, రెండో పెళ్ళిని చెల్లనిదిగా చేసే ఆచారం ఏదైనా మీ తెగలో ఉంటే దాన్ని చెప్పి నిరూపించుకోవాలి అన్నారు. ఆమె నిరూపించలేకపోయింది. రాయని ఆచారాన్ని రాసి చూపించమంటే ఎవరు మాత్రం చూపించగలరు? చట్టం వర్తించదన్న మాట భార్య కేసు పెట్టినప్పుడు గట్టిగా వినబడి, భర్త ఎక్స్‌పార్టీ అడిగినప్పుడు ఎవరికీ వినబడకుండా పోతుంది.

చిన్నచిన్న మరమ్మతులు జరుగుతూనే ఉన్నాయి. 1953లో చైనా వెళ్ళొచ్చాక దుర్గాబాయి దేశ్‌ముఖ్ కుటుంబ కోర్టులు కావాలన్నారు. మన దేశంలో చట్టం 1984లో వచ్చింది. 2003 సవరణతో భార్య తానుంటున్న చోటే పిటిషన్ వెయ్యొచ్చు. వేస్తే సరే, వేయించుకున్న మనిషికి ఆ సవరణ పనికిరాదు. 1987 చట్టం ప్రకారం స్త్రీలకీ, షెడ్యూల్డు తెగలవాళ్ళకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. ఆదివాసీ స్త్రీకి రెండువిధాలా హక్కు. ఆ సంగతి సమన్లమీద పెద్ద అక్షరాల్లో తెలుగులో రాసి, తెచ్చిన మనిషే చదివి చెప్పాలన్న నియమం ఒకటి పెడితే ఖర్చేం కాదు. 2020 జూలైలో, కోవిడ్ రోజుల్లో, సుప్రీంకోర్టు వాట్సాప్‌లాంటి వాటిలోనూ నోటీసులు పంపడానికి ఒప్పుకుంది. తలుపుకి అంటించిన కాగితం స్థానంలో రెండు నీలం టిక్కులు. ఇంట్లో ఒకే ఫోనుండి అది కొడుకు జేబులో ఉంటే ఆ టిక్కులు ఎవరు చూసినట్టు? పాత పదిహేనో రూలులోని వయసొచ్చిన మగవాడు మళ్ళీ వచ్చాడన్నమాట.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. లంబసింగి ఇప్పుడు ఆయన పేరుతో ఉన్న జిల్లాలో ఉంది. జిల్లా ఆఫీసు దగ్గరయింది, నర్సీపట్నం వేరే జిల్లాకి పోయింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ మొదటి సెక్షన్‌లో మాత్రం ఇంకా విశాఖపట్నం ఏజెన్సీ అనే ఉంది.

ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దు పిటిషన్‌కి లిమిటేషన్ చట్టం 123వ అధికరణం 30 రోజులిస్తుంది. డిక్రీ తేదీనుంచి, లేదా సమన్లు సరిగ్గా అందకపోతే డిక్రీ సంగతి ఆమెకి తెలిసిన రోజునుంచి. ఆ రోజు ఏదో ఆమే చెప్పాలి, ఆమే రుజువు చెయ్యాలి. పసుపు అమ్మడానికి చింతపల్లి సంతకి వెళ్ళినప్పుడు భర్త ఊరివాళ్ళెవరో, 'నీ మొగుడికి కోర్టులో విడాకులొచ్చాయంట గదే' అని చెప్పారనుకుందాం. సంత ఆమెకి గుర్తుంటుంది, ఆ వేళ పసుపు ఏ ధర పలికిందో కూడా గుర్తుంటుంది. పిటిషన్‌లో తేదీ రాయాలి.